బంధాలు – గట్టివీ, సడలేవీ: జీవాణువుల రసాయనిక పునాది

1. పరిచయం

పాఠం మొదలుపెట్టే ముందు వంటింట్లో జరిగే ఒక మామూలు సంగతిని గుర్తు తెచ్చుకోండి. కోడిగుడ్డును పగలగొడితే తెల్లసొన పారదర్శకంగా జారుతుంది. అదే గుడ్డును పది నిమిషాలు ఉడకబెడితే తెల్లగా, గట్టిగా మారుతుంది. ఎంత చల్లార్చినా తిరిగి మొదటి స్థితికి రాదు. ఇంత మార్పు జరిగినా, తెల్లసొనలోని ప్రోటీన్ అణువుల్లో అమైనో ఆమ్లాలను ఒకదానితో ఒకటి కలిపి ఉంచిన బంధాలు మాత్రం తెగలేదు. మరుగుతున్న నీరు వాటిని ఏమీ చేయలేకపోయింది. కాని ఆ గుడ్డును మీరు తిన్న కొన్ని గంటల్లోనే మీ జీర్ణాశయం, చిన్నపేగు అవే బంధాలను తెంచివేస్తాయి. అక్కడి ఉష్ణోగ్రత 37 డిగ్రీల సెల్సియస్ మాత్రమే.

100 డిగ్రీల వద్ద తెగనివి 37 డిగ్రీల వద్ద ఎలా తెగాయి? ఉడికినప్పుడు తెగినవి మరి ఏ బంధాలు? ఈ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పగలిగితే జీవరసాయన శాస్త్రంలో ప్రవేశం దొరికినట్లే. జీవాణువుల్లో రెండు రకాల బంధాలున్నాయి. ఒక రకం అణువు అస్థిపంజరాన్ని పట్టి ఉంచుతుంది. రెండో రకం ఆ అణువుకు ఆకారాన్ని ఇస్తుంది, పక్క అణువును గుర్తుపట్టేలా చేస్తుంది, పని అయిపోగానే వదిలిపెడుతుంది. మొదటివి గట్టివి, రెండోవి బలహీనమైనవి. బలహీనమైనవి కదా అని వాటిని తక్కువ అంచనా వేయకండి. పాఠం చివరి భాగంలో చర్చించే జబ్బు మొత్తం అటువంటి బలహీన ఆకర్షణ ఒకటి ఉండకూడని చోట ఏర్పడటం వల్ల వచ్చేదే.

ఇంటర్మీడియట్‌లో సైన్సు చదవనివారు కూడా ఈ పాఠాన్ని అనుసరించవచ్చు. పరమాణువులో కేంద్రకం, దాని చుట్టూ ఎలక్ట్రాన్లు ఉంటాయన్న సంగతి తెలిస్తే చాలు.

2. ఎలక్ట్రాన్లను పంచుకోవడం

మన శరీర బరువులో సుమారు 65 శాతం ఆక్సిజన్, 18 శాతం కార్బన్, 10 శాతం హైడ్రోజన్, 3 శాతం నైట్రోజన్. ఈ నాలుగు మూలకాలే 96 శాతం. ఎముకల్లో ఉండే కాల్షియం, ఫాస్ఫరస్‌లతో సహా మిగిలినవన్నీ కలిపి 4 శాతమే. ఈ నాలుగు మూలకాల పరమాణువులూ చిన్నవి. వాటి బాహ్య కక్ష్య పూర్తిగా నిండలేదు. హైడ్రోజన్‌కు ఒక ఎలక్ట్రాన్ కావాలి, ఆక్సిజన్‌కు రెండు, నైట్రోజన్‌కు మూడు, కార్బన్‌కు నాలుగు. రెండు పరమాణువులు చెరొక ఎలక్ట్రాన్‌ను ఇచ్చి ఆ జతను ఉమ్మడిగా వాడుకుంటే సమయోజనీయ బంధం ఏర్పడుతుంది. రెండు జతలను పంచుకుంటే ద్విబంధం, మూడు జతలైతే త్రిబంధం.

ఇక్కడ ఒక మాట. పుస్తకాల్లో బంధాన్ని గీతగా గీస్తాం, ప్రయోగశాలలో పుల్లలు, బంతులతో నమూనాలు చేస్తాం. అందువల్ల బంధం అంటే రెండు పరమాణువుల మధ్య బిగించిన పుల్ల లాంటి వస్తువు అనే భావన మనసులో నాటుకుపోతుంది. అలాంటి వస్తువేదీ లేదు. రెండు ధనావేశ కేంద్రకాలు తమ మధ్య ఉన్న ఋణావేశ ఎలక్ట్రాన్లను ఒకేసారి ఆకర్షిస్తున్నాయి, అంతే. బంధం అన్నది ఆ ఆకర్షణకు మనం పెట్టుకున్న పేరు.

కార్బన్‌కు 6 ఎలక్ట్రాన్లు. లోపలి కక్ష్యలో 2, బయట 4. అంటే అది నాలుగు సమయోజనీయ బంధాలను ఏర్పరచగలదు. ఈ నాలుగు బంధాలు ఒకే తలంలో ఉండవు. ఒకదానికొకటి వీలైనంత దూరంగా, చతుర్ముఖి నాలుగు మూలల వైపు చూస్తూ ఉంటాయి. మీథేన్‌లో రెండు బంధాల మధ్య కోణం 109.5 డిగ్రీలు. ఈ కోణం వల్లనే జీవాణువులకు పొడవు, వెడల్పులతో పాటు లోతు కూడా వస్తుంది. కాగితం మీద గీసిన బొమ్మలో ఆ లోతు కనపడదు కాబట్టి దానిని మీరు ఊహించుకోవాలి.

కార్బన్ మరో కార్బన్‌తో, అది ఇంకో కార్బన్‌తో కలుస్తూ పొడవైన గొలుసులు, కొమ్మలు, వలయాలు ఏర్పరచగలదు. దీనినే శృంఖల సామర్థ్యం అంటారు. ఆవర్తన పట్టికలో కార్బన్ కిందనే ఉన్న సిలికాన్‌కు కూడా బయట నాలుగు ఎలక్ట్రాన్లే. భూమి పైపొరలో సిలికాన్, కార్బన్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అయినా ప్రాణులు సిలికాన్‌తో కాక కార్బన్‌తో తయారయ్యాయి. కారణాల్లో ఒకటి బంధ బలం. పెద్ద సిలికాన్ పరమాణువుల మధ్య ఏర్పడే బంధం, కార్బన్–కార్బన్ బంధం కంటే చాలా బలహీనమైనది. ఆక్సిజన్ దొరికితే సిలికాన్ దానితోనే బంధమేర్పరచుకుంటుంది. ఇంకో కారణం ఆక్సిజన్‌తో కలిశాక వచ్చే పదార్థం. కార్బన్ ఆక్సిజన్‌తో కలిస్తే కార్బన్ డయాక్సైడ్ అనే వాయువు వస్తుంది. అది నీటిలో కరుగుతుంది, ఊపిరితో బయటికి పోతుంది, ఆకు దానిని పీల్చుకుంటుంది. సిలికాన్ ఆక్సిజన్‌తో కలిస్తే వచ్చేది ఇసుక.

జీవుల్లోని పదార్థాలను ప్రాణశక్తి ఒక్కటే తయారుచేయగలదని ఒకప్పుడు రసాయన శాస్త్రవేత్తలు నమ్మేవారు. 1828లో జర్మన్ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ వోలర్ అమ్మోనియం సయనేట్ నుంచి యూరియాను తయారుచేశాడు. మూత్రంలో ఉండే పదార్థం మూత్రపిండాలతో పనిలేకుండా గాజుపాత్రలో తయారైంది. ఆ నమ్మకం ఒక్కరోజులో కూలిపోలేదు కాని బీటలు వారింది. నేడు పొలంలో చల్లే యూరియా, మన మూత్రంలోని యూరియా ఒకే అణువు.

3. పంపకంలో తేడా – నీరు, హైడ్రోజన్ బంధం

పంచుకోవడం అన్నాం కాని వాటాలు ఎప్పుడూ సమానంగా ఉండవు. బంధంలోని ఎలక్ట్రాన్ జతను తన వైపు లాక్కునే స్వభావాన్ని ఋణవిద్యుదాత్మకత అంటారు. అమెరికన్ శాస్త్రవేత్త లైనస్ పౌలింగ్ రూపొందించిన మానం ప్రకారం హైడ్రోజన్‌కు సుమారు 2.2, కార్బన్‌కు 2.5, నైట్రోజన్‌కు 3.0, ఆక్సిజన్‌కు 3.4. ఈ పౌలింగ్ పేరును గుర్తుంచుకోండి, పాఠం చివర ఆయన మళ్లీ వస్తాడు.

కార్బన్, హైడ్రోజన్‌ల మధ్య తేడా 0.3 మాత్రమే. అందుకని వాటి బంధంలో ఎలక్ట్రాన్లు దాదాపు సమానంగా ఉంటాయి. అది అధ్రువ బంధం. ఆక్సిజన్, హైడ్రోజన్‌ల మధ్య తేడా 1.2. ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను గట్టిగా తన వైపు లాక్కుంటుంది. ఫలితంగా ఆక్సిజన్ దగ్గర కొంచెం ఋణావేశం, హైడ్రోజన్ దగ్గర కొంచెం ధనావేశం ఏర్పడతాయి. ఇది ధ్రువ బంధం. తేడా ఇంకా పెరిగితే ఒక పరమాణువు ఎలక్ట్రాన్‌ను పూర్తిగా లాగేసుకుంటుంది. ఉప్పులో సోడియం ధన అయాన్‌గా, క్లోరిన్ ఋణ అయాన్‌గా ఉండి ఒకదానినొకటి ఆకర్షించుకోవడం అలాంటిదే. దీనిని అయానిక బంధం అంటారు.

ఇక నీటి సంగతి. నీటి అణువులో రెండు ధ్రువ బంధాలు 104.5 డిగ్రీల కోణంలో వంగి ఉంటాయి. కొంచెం ధనావేశం ఉన్న హైడ్రోజన్, పక్క అణువులో కొంచెం ఋణావేశం ఉన్న ఆక్సిజన్ వైపు ఆకర్షితమవుతుంది. ఇదే హైడ్రోజన్ బంధం. దీని ప్రభావం ఎంతటిదో ఒక పోలికతో చూడండి. ఆవర్తన పట్టికలో ఆక్సిజన్ కిందనే గంధకం ఉంది. హైడ్రోజన్ సల్ఫైడ్ అణువు నీటి అణువు కంటే దాదాపు రెండు రెట్లు బరువైనది. అయినా అది –60 డిగ్రీల వద్దే మరిగిపోతుంది, నీరు 100 డిగ్రీల వద్ద మరుగుతుంది. ఈ 160 డిగ్రీల తేడాకు ముఖ్య కారణం నీటిలోని హైడ్రోజన్ బంధాలే. అవి లేకపోతే ఈ భూమి మీద నదులు, సముద్రాలు ఉండేవి కావు.

ఇప్పుడు అంకెలు చూద్దాం. కార్బన్–కార్బన్ ఏకబంధాన్ని తెంచడానికి మోల్‌కు సుమారు 350 కిలోజౌళ్లు కావాలి. నీటిలో ఒక హైడ్రోజన్ బంధానికి సుమారు 20 కిలోజౌళ్లు చాలు. శరీర ఉష్ణోగ్రత వద్ద అణువుల కదలికల్లో సహజంగా ఉండే ఉష్ణశక్తి మోల్‌కు సుమారు 2.6 కిలోజౌళ్లు. అంటే కార్బన్–కార్బన్ బంధం ఆ ఉష్ణశక్తికి 130 రెట్లు పైన ఉంది, అది దానంతట అదే తెగే ప్రశ్నే లేదు. హైడ్రోజన్ బంధం ఎనిమిది రెట్లు పైన మాత్రమే ఉంది. అణువులు గుద్దుకుంటూ, నెట్టుకుంటూ ఉంటే అది తెగుతూ, మళ్లీ కలుస్తూ ఉంటుంది. ద్రవస్థితిలోని నీటిలో ఒక హైడ్రోజన్ బంధం నిలిచే కాలం సెకనులో లక్ష కోట్ల వంతు స్థాయిలో ఉంటుంది.

ఇంత అల్పమైన బంధం ఎందుకు పనికొస్తుంది? బ్యాగు జిప్పును చూడండి. ఒక్క పన్ను దేనినీ పట్టి ఉంచలేదు. వంద పళ్లు కలిస్తే బ్యాగు పగిలేంత కుక్కినా ఊడదు. కాని ఒక చివర నుంచి లాగితే ఒక్కొక్క పన్నే వదులుతూ తేలికగా తెరుచుకుంటుంది. డి.ఎన్.ఏ.లో జరిగేది ఇదే. రెండు పోగుల మధ్య అడినైన్–థైమిన్ జతకు రెండు హైడ్రోజన్ బంధాలు, గ్వానైన్–సైటోసిన్ జతకు మూడు ఉంటాయి. ఇలాంటివి వేలు, లక్షలు చేరి, వరసగా పేర్చుకున్న క్షారాల మధ్య ఆకర్షణ కూడా తోడై రెండు పోగులను పట్టి ఉంచుతాయి. కణం విభజన చెందే ముందు ఆ పోగులను విడదీసి చదవాలి కదా. అవి సమయోజనీయ బంధాలతో అతుక్కొని ఉంటే విడదీయడం కుదరదు. ఒక్కొక్క పోగు పొడవునా ఉన్నవి మాత్రం సమయోజనీయ బంధాలే. అందుకే పోగులు విడిపోయినా వాటిలోని అక్షరాల వరస చెదరదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
నీరు మరిగి ఆవిరైనప్పుడు తెగేవి ఏ బంధాలు? ఆవిరిలో హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులు విడిగా ఉంటాయా?

4. బంధం తెగితే శక్తి వస్తుందా?

ఈ భాగాన్ని కొంచెం నిదానంగా చదవండి. పరీక్ష పత్రాల్లో చాలా తరచుగా కనిపించే తప్పు ఇక్కడే ఉంది. "ఆహారంలోని బంధాలు తెగినప్పుడు వాటిలో దాగి ఉన్న శక్తి విడుదలవుతుంది" అని చాలామంది రాస్తారు. కొన్ని పాఠ్యపుస్తకాలు కూడా ఇలాగే రాస్తాయి. ఇది తప్పు. ఏ బంధాన్ని తెంచాలన్నా శక్తిని ఖర్చు చేయాలి. బంధం ఏర్పడినప్పుడే శక్తి విడుదలవుతుంది. బంధమంటే ఆకర్షణే కాబట్టి అలాగే ఉండాలి. నేలకు అతుక్కున్న రాయిని ఎత్తడానికి మనం బలం ఉపయోగించాలి, రాయి మనకు బలం ఇవ్వదు.

మరి గ్లూకోజ్ నుంచి శక్తి ఎలా వస్తుంది? గ్లూకోజ్‌లో, ఆక్సిజన్‌లో ఉన్న బంధాలను తెంచడానికి కొంత శక్తి ఖర్చవుతుంది. ఆ తరువాత కార్బన్ డయాక్సైడ్‌లో, నీటిలో కొత్త బంధాలు ఏర్పడతాయి. ఈ కొత్తవి పాతవాటికంటే గట్టివి. అవి ఏర్పడేటప్పుడు విడుదలయ్యే శక్తి, పాతవాటికి ఖర్చుపెట్టిన దానికంటే ఎక్కువ. మనకు మిగిలేది ఆ తేడా.

ఏ.టి.పి. విషయమూ అంతే. 1929లో అమెరికాలో సైరస్ ఫిస్కే, భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు కలిసి కండరాల నుంచి ఈ అణువును వేరుచేశారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దీనిని కనుగొన్నాడు. ఏ.టి.పి.లో మూడు ఫాస్ఫేట్ సమూహాలు వరసగా ఉంటాయి. వాటి మీద ఉన్న ఋణావేశాలు ఒకదానినొకటి నెట్టుకుంటూ ఉంటాయి. నీటితో చర్య జరిపి చివరి ఫాస్ఫేట్ విడిపోతే ఆ ఒత్తిడి తగ్గుతుంది, విడిపోయిన భాగాలు నీటిలో మరింత స్థిరంగా ఉంటాయి. ప్రామాణిక పరిస్థితుల్లో ఈ చర్య వల్ల మోల్‌కు సుమారు 30 కిలోజౌళ్లు లభిస్తాయి. "అధిక శక్తి బంధం" అనే పేరు వాడుకలో స్థిరపడిపోయింది కాబట్టి మీరూ వాడవచ్చు. అర్థం మాత్రం సరిగ్గా తెలుసుకొని వాడండి.

5. అస్థిపంజరానికి అమర్చిన చేతులు – ప్రమేయ సమూహాలు

కార్బన్, హైడ్రోజన్‌లు మాత్రమే ఉన్న గొలుసు రసాయనికంగా మందకొడి. మైనం అలాంటిదే. దానికి ఆక్సిజన్, నైట్రోజన్, గంధకం, ఫాస్ఫరస్ ఉన్న చిన్న సమూహాలను అమర్చితే చర్యాశీలత వస్తుంది. వీటిని ప్రమేయ సమూహాలు అంటారు.

ఈ పాఠానికి నాలుగు తెలిస్తే చాలు. ఆక్సిజన్‌కు ఒక హైడ్రోజన్ అతికి ఉన్నది హైడ్రాక్సిల్ సమూహం. ఇది నీటితో హైడ్రోజన్ బంధాలు ఏర్పరచగలదు కాబట్టి చక్కెరలు నీటిలో కరుగుతాయి. ఒక కార్బన్‌కు ద్విబంధంతో ఒక ఆక్సిజన్, ఏకబంధంతో ఒక హైడ్రాక్సిల్ ఉంటే అది కార్బాక్సిల్ సమూహం. ఇది రక్తం వంటి దాదాపు తటస్థ ద్రావణంలో తన హైడ్రోజన్‌ను అయాన్‌గా వదిలేసి ఋణావేశాన్ని పొందుతుంది. చింతపండు పులుపు, నిమ్మకాయ పులుపు ఈ సమూహానివే. నైట్రోజన్‌కు రెండు హైడ్రోజన్‌లున్న అమైనో సమూహం దీనికి విరుద్ధం, అది హైడ్రోజన్ అయాన్‌ను స్వీకరించి ధనావేశాన్ని పొందుతుంది. నాలుగోది ఇప్పుడే చెప్పుకున్న ఫాస్ఫేట్.

అమైనో సమూహం, కార్బాక్సిల్ సమూహం రెండూ ఒకే అణువులో ఉంటే అది అమైనో ఆమ్లం. ఒక దాని కార్బాక్సిల్, ఇంకో దాని అమైనో సమూహంతో కలిసి ఒక నీటి అణువు బయటికి పోతే మిగిలేది పెప్టైడ్ బంధం. అదే నీటి అణువును తిరిగి చేర్చి బంధాన్ని తెంచడం జలవిశ్లేషణ. పిండిపదార్థాలు, కొవ్వులు, ప్రోటీన్లు, కేంద్రకామ్లాలు – నాలుగింటినీ ప్రకృతి నీటిని తీసివేస్తూ కడుతుంది, నీటిని చేరుస్తూ విప్పుతుంది.

6. అన్నం, గడ్డి

వరి కోత అయ్యాక గింజ మన ఇంటికి, గడ్డి గేదెకు పోతుంది. గింజలో ప్రధానంగా ఉన్నది స్టార్చ్. గడ్డిలో ఎక్కువగా ఉన్నది సెల్యులోజ్. రెండింటినీ పూర్తిగా జలవిశ్లేషణ చేస్తే వచ్చేది ఒకటే, గ్లూకోజ్. 6 కార్బన్‌లు, 12 హైడ్రోజన్‌లు, 6 ఆక్సిజన్‌లు. అయితే గడ్డి తిని మనం ఎందుకు బతకలేం?

తేడా ఒక్క బంధం చూసే దిక్కులో ఉంది. గ్లూకోజ్ వలయంలో మొదటి కార్బన్‌కు ఉన్న హైడ్రాక్సిల్ వలయానికి కింది వైపు ఉంటే ఆల్ఫా రూపం, పై వైపు ఉంటే బీటా రూపం. ఆల్ఫా రూపాలు కలిస్తే గొలుసు మెలి తిరుగుతూ స్ప్రింగులా చుట్టుకుంటుంది. ఇది స్టార్చ్. గంజిలో అయోడిన్ వేస్తే నీలిరంగు రావడానికి కారణం అయోడిన్ ఆ చుట్ట మధ్యలో ఇరుక్కోవడమే. బీటా రూపాలు కలిస్తే ఒక గ్లూకోజ్ తిన్నగా, పక్కది తలకిందులుగా అమరుతూ గొలుసు నిటారుగా సాగుతుంది. ఇలాంటి నిటారు గొలుసులు పక్కపక్కన చేరి, వాటి మధ్య లెక్కలేనన్ని హైడ్రోజన్ బంధాలు ఏర్పడి గట్టి పోగుగా మారతాయి. ఇది సెల్యులోజ్. పత్తి దాదాపు అంతా ఇదే. మీరు కట్టుకున్న నూలు బట్టను ఎన్నిసార్లు ఉతికినా కరిగిపోకపోవడానికి కారణం ఈ అమరికే.

మన లాలాజలంలోని అమైలేజ్ ఎంజైమ్‌కు ఆల్ఫా బంధం అమరుతుంది, బీటా బంధం అమరదు. అన్నం మెతుకును కాసేపు నములుతూ ఉండండి, తియ్యగా అనిపిస్తుంది. గడ్డిపోచను ఎంతసేపు నమిలినా ఆ తీపి రాదు. నిజానికి గేదెకు కూడా సెల్యులోజ్‌ను తెంచే ఎంజైమ్ సొంతంగా లేదు. దాని పొట్టలోని మొదటి గదిలో నివసించే సూక్ష్మజీవులు ఆ పని చేసిపెడతాయి.

7. నూనె నీటిలో ఎందుకు కలవదు?

కొవ్వు ఆమ్లంలో పొడవైన కార్బన్–హైడ్రోజన్ గొలుసు, చివర ఒక కార్బాక్సిల్ సమూహం ఉంటాయి. మూడు కొవ్వు ఆమ్లాలు ఒక గ్లిసరాల్‌తో కలిస్తే మనం వాడే నూనె, నెయ్యి వస్తాయి. గొలుసులో ద్విబంధాలు లేకపోతే (సంతృప్త కొవ్వు) గొలుసులు చీపురు పుల్లల్లా దగ్గరగా సర్దుకుంటాయి. అందుకే చలికాలం కొబ్బరి నూనె సీసాలో పేరుకుపోతుంది. ఒక ద్విబంధం ఉన్నా అక్కడ గొలుసు వంగుతుంది. వంకర పుల్లలు దగ్గరగా సర్దుకోలేవు, అందువల్ల నువ్వుల నూనె చలిలోనూ ద్రవంగానే ఉంటుంది. నూనెకు హైడ్రోజన్‌ను చేర్చి వనస్పతి చేసే పద్ధతిలో, మిగిలిన కొన్ని ద్విబంధాలు వంపు పోయి తిన్నని ట్రాన్స్ రూపంలోకి మారతాయి. గుండెకు కీడు చేసేవి ఇవే. మన దేశంలో 2022 నుంచి నూనెలు, కొవ్వుల్లో ఈ ట్రాన్స్ కొవ్వు 2 శాతానికి మించకూడదన్న నిబంధన ఉంది.

నూనె గొలుసును జలవిరోధి అంటారు. పేరు విని నూనెకు, నీటికి వైరం ఉందనుకోకండి. వాటి మధ్య వికర్షణ ఏదీ లేదు. నీటి అణువులకు తమలో తాము హైడ్రోజన్ బంధాలు కలుపుకోవడం కావాలి. మధ్యలో నూనె గొలుసు వస్తే దాని చుట్టూ ఉన్న నీటి అణువులు స్వేచ్ఛగా తిరగలేక ఒక క్రమంలో అమరవలసి వస్తుంది. నూనె బొట్లన్నీ ఒకచోట చేరితే అలా ఇబ్బందిపడే నీటి అణువుల సంఖ్య తగ్గుతుంది. పెళ్లి భోజనంలో ఎవరితోనూ పరిచయం లేని నలుగురు చివరికి ఒకే బంతిలో కూర్చున్నట్లు, నూనె అణువులు ఒకచోట చేరతాయి. దీనిని జలవిరోధి ప్రభావం అంటారు. మన కణాలన్నింటి చుట్టూ ఉన్న పొర ఇలాగే నిలబడి ఉంది. ఆ పొరలోని కొవ్వు అణువుల మధ్య సమయోజనీయ బంధం ఒక్కటి కూడా లేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
హెక్సేన్‌లో ఆరు కార్బన్‌లు, గ్లూకోజ్‌లోనూ ఆరు కార్బన్‌లు. గ్లూకోజ్ నీటిలో కరుగుతుంది, హెక్సేన్ కరగదు. ఎందుకు?

8. తిరిగి గుడ్డు దగ్గరికి

ప్రోటీన్ అంటే పెప్టైడ్ బంధాలతో కూర్చిన అమైనో ఆమ్లాల దండ. అమైనో ఆమ్లాలు 20 రకాలు. అన్నింటికీ మధ్య భాగం ఒకటే, పక్కకు పొడుచుకు వచ్చిన పార్శ్వ శృంఖలం మాత్రం వేరు. కొన్నింటి పార్శ్వ శృంఖలాలకు ఋణావేశం, కొన్నింటికి ధనావేశం, కొన్నింటికి ఏ ఆవేశమూ లేని నూనె స్వభావం ఉంటాయి. నీటిలో ఈ దండ తనంతట తానే ముడుచుకుంటుంది. నూనె స్వభావం ఉన్నవి లోపలికి పోతాయి, ఆవేశం ఉన్నవి ఎక్కువగా బయట, నీటి వైపు ఉంటాయి. లోపల హైడ్రోజన్ బంధాలు ఆ ముడతను సర్దుతాయి.

తెల్లసొన వేడెక్కినప్పుడు ఈ బలహీన బంధాలు సడలి, ముడత విప్పుకుంటుంది. లోపల దాగిన నూనె భాగాలు బయటపడతాయి. ఒక అణువు నూనె భాగాలు పక్క అణువు నూనె భాగాలతో చేరతాయి. లక్షల దండలు ఒకదానిలో ఒకటి చిక్కుకొని వల అవుతాయి. ఆ వలలో నీరు ఇరుక్కుంటుంది కాబట్టి సొన గట్టిపడుతుంది. ఆ వల కాంతిని చెదరగొడుతుంది కాబట్టి తెల్లగా కనిపిస్తుంది. దీనిని డీనేచురేషన్ అంటారు. చల్లారాక దండలు మళ్లీ విడిగా ముడుచుకోలేవు, చిక్కుపడిన దారపు ఉండ దానంతట అది విడిపోనట్లే. పెప్టైడ్ బంధాలు మాత్రం అలాగే ఉన్నాయి.

వాటిని జలవిశ్లేషణ చేయడం శక్తిపరంగా అనుకూలమైన చర్యే. కాని చర్య జరగాలంటే మధ్యలో ఒక ఎత్తైన అడ్డంకిని దాటాలి. తటస్థ ద్రావణంలో, గది ఉష్ణోగ్రత వద్ద, ఎంజైమ్ సాయం లేకుండా ఒక పెప్టైడ్ బంధం తెగడానికి వందల సంవత్సరాలు పడుతుంది. మీ శరీరం నీటిలో కరిగిపోకుండా నిలబడి ఉన్నది ఈ ఆలస్యం వల్లనే. పొట్టలోని పెప్సిన్, చిన్నపేగులోని ట్రిప్సిన్ వంటి ఎంజైమ్‌లు ఆ అడ్డంకి ఎత్తును తగ్గిస్తాయి. అవి దండను బలహీన బంధాలతో పట్టుకుంటాయి, ఒక గట్టి బంధాన్ని తెంచుతాయి, ముక్కలను వదిలేస్తాయి.

9. ఆరో స్థానం

రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌లో నాలుగు దండలు. రెండు ఆల్ఫా దండలు, ఒక్కొక్కదానిలో 141 అమైనో ఆమ్లాలు. రెండు బీటా దండలు, ఒక్కొక్కదానిలో 146. బీటా దండలో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండాలి. దాని పార్శ్వ శృంఖలం చివర కార్బాక్సిల్ సమూహం ఉంటుంది, రక్తంలో అది ఋణావేశంతో ఉంటుంది. కొందరికి పుట్టుకతోనే అక్కడ వాలైన్ ఉంటుంది. వాలైన్ పార్శ్వ శృంఖలం మూడు కార్బన్‌ల చిన్న కొమ్మ. దానికి ఆవేశం లేదు. అది నూనె స్వభావం గలది. 146లో ఒక్కటి మారింది, మిగతావన్నీ యథాతథంగా ఉన్నాయి.

ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ నిండినప్పుడు పెద్ద తేడా తెలియదు. కండరాల దగ్గర ఆక్సిజన్‌ను వదిలినప్పుడు హిమోగ్లోబిన్ ఆకారం కొద్దిగా మారి, బీటా దండ మీద నూనె స్వభావం ఉన్న ఒక చిన్న గుంట బయటపడుతుంది. ఒక అణువులోని వాలైన్ పక్క అణువులోని ఆ గుంటలో సరిగ్గా అమరుతుంది. అలా ఒకదాని వెంట ఒకటి చేరి పొడవైన పోగులు తయారవుతాయి. గుండ్రని ఎర్రరక్తకణం కొడవలిలా సాగుతుంది, బిరుసెక్కుతుంది, సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. భరించలేని ఒళ్లునొప్పులు, రక్తహీనత, అవయవాలకు నష్టం – ఇదే సికిల్ సెల్ వ్యాధి. ఆక్సిజన్ మళ్లీ అందితే పోగులు విడిపోతాయి, ఎందుకంటే వాటిని కలిపింది బలహీన ఆకర్షణలే. కాని ఇలా పదేపదే జరిగితే కణం పొర దెబ్బతింటుంది. మామూలు ఎర్రరక్తకణం 120 రోజులు బతికితే ఇది 10 నుంచి 20 రోజులకే నశిస్తుంది.

1939లో రసాయన బంధ స్వభావం మీద ప్రసిద్ధ గ్రంథం రాసిన పౌలింగ్, 1949లో తన సహచరులతో కలిసి ఈ వ్యాధిగ్రస్తుల హిమోగ్లోబిన్ విద్యుత్ క్షేత్రంలో వేరుగా కదులుతుందని చూపాడు. ఒక జబ్బుకు కారణం ఒక అణువులో ఉందని అలా తెలిసింది. బంధాలను గురించి ఆలోచించే రసాయన శాస్త్రవేత్తకు ఈ ఊహ తట్టడం యాదృచ్ఛికం కాదని నా అభిప్రాయం. కొన్నేళ్ల తరువాత కేంబ్రిడ్జిలో వెర్నన్ ఇంగ్రామ్, మనం పైన చెప్పుకున్న ట్రిప్సిన్‌తోనే హిమోగ్లోబిన్‌ను ముక్కలు చేసి, తేడా ఉన్న ఒకే ఒక్క ముక్కను పట్టుకున్నాడు.

మన దేశంలో ఈ లక్షణాన్ని మొదట 1952లో నీలగిరి కొండల్లోని గిరిజనుల్లో గుర్తించారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఏజెన్సీ ప్రాంతాల్లోనూ ఇది ఉంది. మీలో కొందరు ఆ ప్రాంతాల వారే కావచ్చు, ఆరోగ్య కార్యకర్తలుగా పనిచేస్తున్నవారూ కావచ్చు. తల్లి నుంచి గాని తండ్రి నుంచి గాని ఒక్కరి నుంచే మారిన జన్యువు వస్తే ఆ వ్యక్తి వాహకుడు, సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటాడు. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం. 2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ రక్తహీనత నిర్మూలన కార్యక్రమంలో 40 ఏళ్ల లోపువారికి పరీక్షలు చేస్తున్నది ఇందుకే.

ఆ పరీక్షల్లో ఒకటైన ద్రావణీయత పరీక్ష పూర్తిగా ఈ పాఠంలోని రసాయన శాస్త్రమే. చుక్క రక్తాన్ని ఆక్సిజన్‌ను తొలగించే ద్రావణంలో కలుపుతారు. మారిన హిమోగ్లోబిన్ ఉంటే అది కరగకుండా ద్రావణం మసకబారుతుంది, గొట్టం వెనక పెట్టిన కాగితం మీది గీతలు కనపడవు. వాహకుడికి, రోగికి మధ్య తేడాను ఇది చెప్పలేదు. అందుకు విద్యుత్ క్షేత్రంలో వేరుచేసే ఎలక్ట్రోఫోరెసిస్ వంటి పరీక్ష కావాలి. ఇలాంటివారిని నీళ్లు బాగా తాగమని వైద్యులు చెప్పడం కూడా ఉత్త జాగ్రత్త కాదు. ఒంట్లో నీరు తగ్గితే కణంలో హిమోగ్లోబిన్ గాఢత పెరుగుతుంది, అణువులు మరింత దగ్గరవుతాయి, పోగులు త్వరగా ఏర్పడతాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 3
హిమోగ్లోబిన్ "సి" అనే మరో రకంలో అదే ఆరో స్థానంలో లైసిన్ ఉంటుంది. లైసిన్ పార్శ్వ శృంఖలానికి ధనావేశం ఉంటుంది. క్షార ద్రావణంలో ధనధ్రువం వైపు కదిలేటప్పుడు సాధారణ, సికిల్, "సి" హిమోగ్లోబిన్‌లలో ఏది ముందుంటుంది, ఏది వెనకబడుతుంది?

జవాబులు

1. తెగేవి నీటి అణువుల మధ్య ఉన్న హైడ్రోజన్ బంధాలు. అణువు లోపలి సమయోజనీయ బంధాలు తెగవు. కాబట్టి ఆవిరిలో ఉన్నవి కూడా నీటి అణువులే, విడి వాయువులు కావు.

2. గ్లూకోజ్‌లోని హైడ్రాక్సిల్ సమూహాలు నీటితో హైడ్రోజన్ బంధాలు ఏర్పరుస్తాయి. హెక్సేన్‌లో అధ్రువ బంధాలే ఉన్నాయి, నీటి అణువులు దానిని వదిలి తమలో తాము కలుస్తాయి.

3. సాధారణ హిమోగ్లోబిన్ ముందుంటుంది. సికిల్ హిమోగ్లోబిన్‌లో రెండు బీటా దండల్లోనూ ఒక్కొక్క ఋణావేశం పోయింది, అందుకని వెనకబడుతుంది. "సి"లో ఋణావేశం పోవడమే కాక ధనావేశం వచ్చి చేరింది, కాబట్టి అన్నింటికంటే వెనక ఉంటుంది.